తెలుగులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్

సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, తిరిగి పంచిపెట్టడానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. తెలుగు ఈనాడు కంప్యూటర్లలో, ఫోన్లలో ఇంత ధారాళంగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చిన రైతు ఆండ్రాయిడ్ ఫోనులో ఆనాటి ధర తెలుగులో చూసుకుంటున్నాడంటే, ఆ ఫోనును నడిపేది లినక్స్ కెర్నెల్. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చేది హార్ఫ్‌బజ్. చాలా ఫోన్లలో అక్షరాల రూపం గూగుల్ నోటో ఫాంటుది. ఈ మూడూ ఓపెన్ సోర్సే.

అన్ని భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటున్నా, 2000 తర్వాత కూడా చాలాకాలం ఒక్కో పత్రిక తన సొంత ఫాంటుతో, సొంత సంకేతాలతో వెబ్‌లో వార్తలు పెట్టేది. ఆ ఫాంటు లేనివారికి అర్థంలేని గుర్తులే కనిపించేవి. వార్తలో పదం వెతకడం కుదిరేది కాదు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరు 10న మొదలుపెట్టిన వెన్న నాగార్జున ఈ చిక్కు విప్పడానికి పద్మ అనే ఉపకరణం రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో అది పత్రికల పేజీలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేది. కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి, దాని ఆధారంగానే వీవెన్ తెలుగు టైపు చేసే లేఖిని ఉపకరణాన్ని తయారుచేశారు. ఇంగ్లీషు కీబోర్డు మీద చిన్న ‘టి’ కొడితే ‘త’, పెద్ద ‘టి’ కొడితే ‘ట’ వచ్చే పద్ధతి ఇందులోది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ దానికి మూలం. ఎందరో తెలుగు బ్లాగర్లు రాయడం మొదలుపెట్టింది లేఖినిలోనే.

సంస్థల అండ మరో దారిలో వచ్చింది. రెడ్ హ్యాట్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, దాని నిర్వహణకు, మద్దతుకు చందా వసూలు చేస్తుంది. 2019లో ఐబీఎం ఈ సంస్థను 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. లోహిత్ తెలుగు ఫాంటును స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది రెడ్ హ్యాటే. మండలి, సూరన్న, పొన్నాల, తెనాలి రామకృష్ణ వంటి ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందించింది. స్వేచ్ఛ సంస్థ తెలుగు ఇంటర్‌ఫేస్‌తో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చి, కళాశాల విద్యార్థుల్లోకి తీసుకెళ్లింది.

కోడ్ మూసి ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలుగువారు కళ్లారా చూశారు. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక సంకేతంతో కూర్చి సందేశంగా పంపితే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 విడుదలయ్యేదాకా వేచి చూడక తప్పలేదు. కారణం తెలిసిన తెలుగు ప్రోగ్రామరు ఉన్నా సరిచేసే వీలు లేదు.

అలాగని తెరిచిన కోడ్ తనంతట తాను బతకదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడ్-ఆన్‌లను పూర్తిగా ఆపేసింది. వాటిని తిరిగి రాయడానికి మనిషి కావాలి, అతనికి తీరిక కావాలి. వికీపీడియాదీ అదే సంగతి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. ప్రకాశంలోని పర్చూరు, ఇంకొల్లు బాపట్ల జిల్లాలోకి, గుంటూరులోని చిలకలూరిపేట, నరసరావుపేట పల్నాడులోకి మారాయి. ఆ ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు సరిదిద్దడం జీతం లేని వాడుకరుల మీదే పడింది.

ఫోన్లకూ సర్వర్లకూ పనికొచ్చే భాగాలను కంపెనీలు తమ అవసరం కొద్దీ పోషిస్తాయి. కేవలం తెలుగుకే పనికొచ్చే చిన్న ఉపకరణాల భారం మాత్రం కొద్దిమంది ఔత్సాహికుల మీదే ఉంది. గుంటూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలకు కొదవ లేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఇలాంటి ఒక్కో ఉపకరణాన్ని దత్తత తీసుకుని, ఏటా కొత్త జట్టుకు అప్పగించే పని అవి మొదలుపెట్టాలి.