గోదాములో పుట్టిన బ్రోస్ట్

మగ్రిబ్ నమాజు అయిపోయింది. జెద్దాలో షరఫియా సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కగానే ఎర్రసముద్రపు ఉక్క ఒంటికి జిగటగా అంటుకుంటుంది. అల్ బేక్ చికెన్ హోటలు బోర్డు కంటే ముందు దాని వాసనే తగులుతుంది. లోపల లైను నత్తనడక. మీ ముందు ఉమ్రాకి బయల్దేరిన పెద్దాయన, ఇహ్రాం భుజం మీదికి సర్దుకుంటూ. వెనక కరీంనగర్ కుర్రాడు రియాళ్ళు మీ చేతిలో కుక్కుతాడు.

"అన్నా, నాది గూడ నువ్వే చెప్పు. బ్రోస్ట్, కారంది."

కౌంటర్ అవతల ప్రెషర్ ఫ్రయ్యర్ల మూతలు బిగుసుకుంటున్నాయి. కోడిలోని తడి ఆవిరై బయటికి పోలేక లోపలే ఒత్తిడి పెంచుతుంది. ముక్క త్వరగా ఉడుకుతుంది, ఎండిపోదు. అమెరికాలో పుట్టిన ఈ బ్రోస్ట్ పద్ధతిని 1974లో జెద్దాకి తెచ్చినవాడు షకూర్ అబూ గజాలా. పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో ఒక గోదామునే హోటలు చేశాడు. రెండేళ్ళకే కేన్సర్ ఆయన్ని తీసుకెళ్ళింది. భారమంతా కొడుకులు ఇహ్సాన్, రామీల నెత్తిన పడింది. ఈలోగా ఊళ్ళో బ్రోస్ట్ దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. కథ అక్కడే ముగిసిపోవాల్సింది. ఇహ్సాన్ ఫ్రాన్స్ వెళ్ళి ఆహారశాస్త్రం చదివొచ్చాడు. 1980ల్లో 18 దినుసుల మసాలా తయారైంది, అల్ బేక్ పేరూ అప్పుడే వచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వీళ్ళు జెద్దా, మక్కా, మదీనా వైపే ఉండిపోయారు. రియాద్ వాళ్ళు విమానాల్లో పొట్లాలు మోసుకెళ్ళారు. గిరాకీ అంత ఉన్నా తొందరపడకపోవడమే వీళ్ళని నిలబెట్టిందని నా లెక్క. ఇందుకు భిన్నంగా అమెరికాలో 2010లో రాక్ బాటమ్, గోర్డన్ బీర్ష్ అనే రెండు బీరు హోటళ్ళ చెయిన్లు క్రాఫ్ట్‌వర్క్స్ కింద ఒక్కటయ్యాయి. తర్వాత లోగన్స్ రోడ్‌హౌస్‌నీ కలుపుకున్నారు. 2020 మార్చిలో దివాలా పిటిషన్ వేశారు. చుక్క బీరు అమ్మని జెద్దా కంపెనీ అదే ఏడాది డిసెంబరులో బహ్రెయిన్‌లో, మరుసటి ఏడు దుబాయ్‌లో తలుపులు తెరిచింది.

మీ నంబరు వెలిగింది. డబ్బా అడుగు చేతిని కాలుస్తోంది. మూత తీస్తే నాలుగు ముక్కలు, ఫ్రైస్, బన్ను, చిన్న కప్పులో వెల్లుల్లి సాస్. కుర్రాడు అప్పుడే మళ్ళీ లైను వైపు చూస్తున్నాడు.

"రేప్పొద్దున నా ఫ్లైటు. అమ్మకి ఇంకో రెండు కట్టియ్యాలె. సాస్ వద్దన్నా, సెక్యూరిటీల గుంజుకుంటరు."