ఇడైసెవల్: ఒక పల్లె, ఒక బాట, ఒక లెక్క

ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు మనము కూడినపుడు పెద్దలు తప్పక అడుగు ప్రశ్నలు రెండు కలవు. “మీది ఏ ఊరు? మీవారు ఇటు ఎప్పుడు వచ్చిరి?” మొదటిదానికి అందరము జవాబు చెప్పుదుము. రెండవదానికి పలువురము తడుముకొందుము. ఆ జవాబును కథగా దాచుకొన్న పల్లె ఒకటి తమిళనాట తూత్తుకుడి జిల్లాలో కలదు. దాని పేరు ఇడైసెవల్.

కోవిల్‌పట్టికి దక్షిణమున, తిరునల్వేలికి పోవు రహదారి చెంత, నల్లరేగడి నేలపై వెలసిన చిన్న ఊరది. ఆ నేలను అచటివారు కరిసల్ అందురు. ప్రత్తి, సజ్జ, మిరప ముఖ్యమైన పంటలు. వాన కురిసిననే గింజ ఇల్లు చేరును. విజయనగరపు రోజులలోను, 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధురలో రాజ్యము నెలకొల్పిన పిదపను తెలుగు కుటుంబములు పెక్కు ఈ సీమలకు తరలివచ్చి, అడవి కొట్టి, సాగుచేసి, నిలిచిపోయినవి.

అప్పటి ప్రయాణము కాలినడక, ఎద్దుబండి. 1689 మొదలు మనుమని తరపున మధుర నేలిన రాణి మంగమ్మ బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రములు కట్టించెనని ప్రసిద్ధి. దక్షిణమునకు పోవు పాతబాట కొన్నిచోట్ల నేటికిని ఆమె పేరనే పిలువబడుచున్నది. 1876లో మధుర నుండి తూత్తుకుడి రేవుకు రైలు నడచెను. కరిసల్ ప్రత్తి ఆ దారినే ఓడకెక్కెను. ఊరి ప్రక్కనున్న రహదారి నేడు 44వ నెంబరు జాతీయరహదారి. హైదరాబాదు, కర్నూలు, అనంతపురములను తాకి కన్యాకుమారి చేరు బాట అదియే. మన పూర్వులు నెలల తరబడి నడచిన దూరమును నేటి బస్సు ఒక రాత్రి, ఒక పగటిలో దాటుచున్నది.

ఇంత చిన్న ఊరు ఇద్దరు గొప్ప తమిళ రచయితలను కన్నది. కు. అళగిరిసామి ఆ రైలుదారిలోని చిన్న స్టేషను కుమారపురము పేరనే ఒక కథ వ్రాసెను. తెలుగు మాతృభాషగా గల కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామమ్’ అను నవల వెలువరించెను. పాలకుని దౌర్జన్యము నుండి ఆడబిడ్డను కాపాడుకొనుటకై తెలుగునాడు విడిచి వచ్చిన కుటుంబముల కథ అది. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆయన పుదుచ్చేరిలో 2021 మే 17న కన్నుమూయగా, పార్థివదేహమును ఇడైసెవల్‌కు తెచ్చి ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపిరి.

ఇక జనాభా మాట. జనగణన గ్రామపట్టికలో ఇండ్లెన్ని, స్త్రీపురుషులెందరు, అక్షరాస్యులెందరు, బస్సు కలదా, రైలు కలదా అను గడులుండును. భాషకు మాత్రము గడి లేదు. రాష్ట్రము మొత్తమునకు చూచినచో, 2011లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షల 34 వేల పైచిలుకు. నూటికి దాదాపు ఆరుగురు. పల్లెలో మనమెందరమో ఆ గ్రామపట్టిక చెప్పదు, అవ్వలు చెప్పవలసినదే.

ఒక సంగతి గమనింపదగినది. జనగణన లెక్కలో మాతృభాష యనగా, పసితనమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష. ఇల్లాలు ఊయలకడ తెలుగు మానిన నాడు లెక్కలో ఒక అంకె తగ్గును. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. తరువాతి గణనకు 2027 మార్చి 1ని ప్రమాణదినముగా ప్రకటించిరి. లెక్కలు వ్రాయువారు అడిగినపుడు సంకోచింపక “తెలుగు” అని చెప్పుడు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని గౌరవించుటకు తల్లిభాషను దాచనక్కరలేదు. అంతకంటె ముఖ్యముగా, ఈ పండుగనాడు మీ ఇంటి పెద్దల చెంత కూర్చుండి, మీవారు ఏ ఊరినుండి ఏ దారిని వచ్చిరో అడిగి ఒక కాగితముపై వ్రాసియుంచుడు. ఏ పట్టికయు చేయని పని అది.