దిగుతూ సంపాదించే బస్సు

కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు అంటే లారీ డ్రైవర్లకు గుబులు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి కాగిపోయి పట్టు వదులుతాయి. అంత డీజిల్ పోసి ఎక్కించిన బరువులోని శక్తి దిగేటప్పుడు ఉత్త వేడిగా గాలిలో కలిసిపోతుంది.

ఆ శక్తిని వెనక్కి రాబట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. కరెంటిస్తే మోటారు చక్రాన్ని తిప్పుతుంది. చక్రమే మోటారును తిప్పితే కరెంటు పుడుతుంది, బండి వేగమూ తగ్గుతుంది. పారిస్‌లో లూయీ క్రీగర్ 1890ల్లోనే తన ఎలక్ట్రిక్ బండ్లలో ఈ కిటుకు పెట్టాడు. 1930 నాటికి మన భోర్ ఘాట్‌లో దిగే రైలింజన్లు కరెంటును తిరిగి తీగలోకి పంపేవి. బస్సుకు ఆ తీగ లేదు. పట్టిన కరెంటును దాచుకోవాలంటే బ్యాటరీ కావాలి, సీసం బ్యాటరీలేమో మోయలేనంత బరువు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చాక కూడా అది బస్సు మోసేంత పెద్దదై, కొనేంత చవకయ్యేసరికి మరో పాతికేళ్లు పట్టింది.

2017లో హైదరాబాదు కంపెనీ గోల్డ్‌స్టోన్, చైనా బీవైడీ సాంకేతికతతో చేసిన ఎలక్ట్రిక్ బస్సులు మనాలి–రోహ్‌తంగ్ దారిలో తిరిగాయి. అదే కంపెనీ పేరు మారి ఒలెక్ట్రా అయింది. 2022 సెప్టెంబరు 27న దాని బస్సులను అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల ఎమ్మెల్యే జగన్ మోహన్ రెడ్డి ప్రారంభించారు. మొత్తం 100 బస్సులు. సగం తిరుమల కొండకు, మిగతావాటిలో ఎక్కువ తిరుపతి నుంచి కడప, నెల్లూరు, మదనపల్లె లాంటి ఊళ్లకు.

కొండ లెక్క చూడండి. 12 టన్నుల బస్సు 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 23 యూనిట్లు. రోడ్డు రాపిడికీ గాలికీ కొంత పోయినా సగానికి పైగా బ్యాటరీకి చేరవచ్చు. ఈ కిటుకుకు తిరుమలను మించిన చోటు మన రాష్ట్రంలో నాకు తోచదు.

ప్రొద్దుటూరు–జమ్మలమడుగు దారి అలాంటిది కాదు, చదును. అక్కడ బ్రేకుల సంపాదన స్వల్పం. ఇక లాభమంతా కరెంటు ఎక్కడిదన్న దాని మీదే ఉంది. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 5 కిలోమీటర్లిచ్చే బస్సు కిలోమీటరుకు అర కిలో పైచిలుకు వదులుతుందన్నమాట. ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ తాగుతుందనుకుందాం. ఆ యూనిట్ అచ్చంగా బొగ్గుదే అయితే దాని వెనుక దాదాపు కిలో ఉంటుంది! ఊళ్లో పొగ పోతుంది, నిజమే. కానీ అంతకు మించిన కార్బన్ డయాక్సైడ్ ఎర్రగుంట్ల దగ్గరి ఆర్టీపీపీ బొగ్గు విద్యుత్ కేంద్రం గొట్టాల్లోంచి వస్తుంది.

అదృష్టమేమంటే, జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలోనే 1000 మెగావాట్లకు తలపెట్టిన సోలార్ పార్కు ఉంది. 2017 ఏప్రిల్‌లో దాని వేలంలో యూనిట్ ధర 3.15 రూపాయలకు పడిపోయినప్పుడు దేశమంతా చెప్పుకుంది. చిక్కల్లా ఒక్కటే: అక్కడ కరెంటు పుట్టేది పగలు, డిపోలో బస్సు పడుకునేది రాత్రి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల డిపోల్లో ఎలక్ట్రిక్ బస్సులు తిప్పాలంటే బ్యాటరీ కన్నా ముందు మార్చాల్సింది డ్యూటీ చార్టు. ప్రయాణికులు పలచబడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బస్సు ఛార్జర్ దగ్గర నిలబడాలి.