డిజిటల్ యుగంలో తెలుగు దినపత్రికలు

తెలుగు దినపత్రికలు 1990ల చివర్లో ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టాయి. అప్పటినుంచి పాఠకుడు కాగితం వదిలి కంప్యూటర్‌కు, అక్కడినుంచి ఫోనుకు మారాడు. వార్త మీద అతడికి ఆసక్తి తగ్గలేదు కానీ, వార్త సేకరించేవారికి డబ్బు చేరే దారి మూసుకుపోతూ వచ్చింది. ఆ దెబ్బ గట్టిగా తగిలింది జిల్లా వార్తకు. తెలుగు పత్రికల అసలు బలం అక్కడే ఉండేది.

జిల్లా పేజీ

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైంది. అంతకుముందు ఉత్తరాంధ్రకు విజయవాడలో అచ్చయిన పేపరు ఎండెక్కాక గానీ చేరేది కాదు. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడడం ఆనాడు పెద్ద మార్పు. 1989లో అదే పత్రిక జిల్లాకొక టాబ్లాయిడ్ తెచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. 2008 మార్చిలో ‘సాక్షి’ ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చిందంటే జిల్లా పాఠకుడి మీద ఉన్న నమ్మకంతోనే.

ఈ వ్యవస్థను మోసినవాడు మండల కంట్రిబ్యూటర్. చాలాచోట్ల అతడికి జీతం ఉండదు, అచ్చయిన వార్త నిడివిని బట్టి లైన్ అకౌంట్ వస్తుంది. ఎండిన చెరువు, కూలిన కల్వర్టు, డాక్టరు రాని ఆసుపత్రి అతడి వార్తలు. రాజధానిలో వాటిని పట్టించుకునేవారుండరు, ఆ మండలంలో మాత్రం వాటిని మించిన వార్త లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డ కబురు ఊరూరా పాకడంలో జిల్లా పేజీల పాత్ర పెద్దది. ఆ ఉద్యమానికి ‘ఈనాడు’ ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

ఆ పేజీల ఖర్చును ఊళ్లోని బట్టల షాపు, నగల దుకాణం, కోచింగ్ సెంటరు ఇచ్చే చిన్న ప్రకటనలు మోసేవి. ఇప్పుడా దుకాణదారు ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో తన సరుకు తానే చూపించుకుంటున్నాడు.

అక్షరాల చిక్కు

ఇంటర్నెట్‌లో మొదటి దశాబ్దంలో తెలుగు పత్రికలకు అడ్డొచ్చింది లిపి. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ వాడకం ఇంకా స్థిరపడలేదు. ఒక్కో పత్రిక తన సొంత ఫాంటు, తన సొంత సంకేతాలు వాడింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే లాటిన్ అక్షరాల, గుర్తుల గందరగోళం కనిపించేది. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే బ్రౌజర్ పొడిగింపును తయారుచేయాల్సి వచ్చింది. అసలు నష్టం కంటికి కనిపించనిది: సెర్చ్ ఇంజన్లకు ఆ వార్తలు తెలుగుగా కనబడలేదు. వెతికితే దొరకనివాటిగా తెలుగు వార్తలు కొన్నేళ్లు గడిపాయి.

తర్వాత వచ్చిన ఈ-పేపరు కాగితం పేజీకి బొమ్మ. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారికి సొంత జిల్లా పేజీ అందులో దొరికింది, అది చిన్న మేలు కాదు. కానీ ఫోను తెరమీద ఆ బొమ్మను జరుపుకుంటూ, పెద్దది చేసుకుంటూ చదవడం ఓపికతో కూడిన పని. పైగా పీడీఎఫ్‌గా చేసి పంచుకోవడం తేలిక. 2020 మేలో హిందీ దినపత్రిక ‘దైనిక్ జాగరణ్’ ఈ-పేపర్లను పంచుతున్న టెలిగ్రామ్ ఛానళ్లను తొలగించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

డబ్బు లెక్క

పేపరు ధర దాని ముద్రణ ఖర్చుకు సరిపోదు, మిగతాది ప్రకటనలే భరించాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకై, వార్త ఉచితంగా దొరుకుతుందన్న అలవాటు పల్లెలకూ చేరింది. 2019లో కేంద్రం న్యూస్‌ప్రింట్ దిగుమతి మీద 10 శాతం సుంకం వేసింది, మరుసటేడు దాన్ని 5 శాతానికి తగ్గించింది. అంతలో కరోనా వచ్చింది. కాగితంతో వైరస్ వస్తుందన్న భయంతో అపార్ట్‌మెంట్లు పేపర్‌బాయ్‌ని గేటు దగ్గరే ఆపేశాయి. ప్రకటనలు ఆగిపోయాయి. జిల్లా టాబ్లాయిడ్లు ప్రధాన పత్రికలో కొన్ని పేజీలుగా కలిసిపోయాయి. ఎందరో విలేకరులు, సబ్‌ఎడిటర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1978 నుంచి కథలు, నవలలు అందించిన ‘విపుల’, ‘చతుర’ ఆ తర్వాత నిలిచిపోయాయి.

వెబ్‌సైటు ఆ లోటు పూడ్చలేదు. ‘న్యూయార్క్ టైమ్స్’ 2011లో చందా పద్ధతి పెట్టి నిలదొక్కుకుంది, మన దేశంలో ‘ది హిందూ’ ఆ దారి పట్టింది. తెలుగు పత్రికల సైట్లు దాదాపుగా ఉచితంగానే మిగిలాయి. ప్రకటనల ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ లాంటి సంస్థలకు పోతోంది. వార్తలు వాడుకున్నందుకు సరైన పరిహారం ఇవ్వాలని, ప్రకటనల ఆదాయంలో 85 శాతం ప్రచురణకర్తలకు పంచాలని 2021 ఫిబ్రవరిలో ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ గూగుల్‌ను కోరింది. 2022 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ గూగుల్ మీద విచారణకు ఆదేశించింది.

క్లిక్కుల లెక్క జిల్లా వార్తను ఇంకా వెనక్కి నెట్టింది. సినిమా కబురుకు వచ్చే క్లిక్కులు ఒక మండలంలోని సాగునీటి గొడవకు రావు. ‘వే2న్యూస్’ లాంటి యాప్‌లు నాలుగు వాక్యాల్లో ఊరి వార్త చెప్పి ఆ ఖాళీలో కొంత నింపాయి. అయితే ఆ గొడవ వెనకున్న కాగితాలు తిరగేసి, అధికారిని అడిగి, మళ్లీ వెళ్లి చూసి రాసేంత చోటు నాలుగు వాక్యాల్లో ఉండదు.

పాత సంచికల గతి

1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ప్రారంభించిన ‘ఆంధ్రపత్రిక’ సంచికలు అనేకం ఇవాళ స్కాన్ రూపంలో చదువుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆ పని చేసి తెలుగువారికి గొప్ప ఉపకారం చేసింది. 2005 నాటి వెబ్ వార్త కోసం వెతికేవారికి మాత్రం చాలాసార్లు చచ్చిన లింకే ఎదురవుతుంది. ఫాంటు మారినప్పుడు, సైటు మారినప్పుడు పాత పేజీలు పోయాయి. తెలుగు వికీపీడియా వ్యాసాల కింద మూలాలుగా ఇచ్చిన అలాంటి లింకులు ఎన్నో ఇప్పుడు తెరుచుకోవు.