ముళబాగిలు శ్రీపాదరాజులు: దేశభాషా సంకీర్తనమునకు తొలి బాట

కోలారు మండలమనగనే లోకులకు బంగారు గనులు స్ఫురించును. మూడు కిలోమీటర్లకు మించిన లోతువఱకు త్రవ్వబడిన ఆ గనులు 2001వ సంవత్సరమున మూతపడినవి. ఆ గనులకు ఉత్తరమున, అదే మండలములో, ముళబాగిలు అను పట్టణము కలదు. అచట 15వ శతాబ్దిలో ఒక యతీశ్వరుడు తన మఠమున పాడించిన పాటల ప్రభావము నేటికిని దక్షిణ దేశపు ప్రతి సంగీతసభయందును వినబడుచున్నది. ఆయనయే శ్రీపాదరాజులు. ఆయన వ్రాసిన పాటలు కన్నడములోనివి. ఐనను తెలుగు సంగీత చరిత్రను తెలిసికొనగోరువారు ఆయనను విడిచి ముందునకు సాగజాలరు. ఈ సంబంధమును వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముళబాగిలు అను పేరు 'మూడల బాగిలు' అను కన్నడ పదముల నుండి పుట్టినది. తూర్పు వాకిలి అని దాని యర్థము. ఆ వాకిలి దాటినచో పలమనేరు, పుంగనూరు సీమలు. ఇంటిలో తెలుగు, అంగడిలో కన్నడము, సంతలో రెండును కలిసి వినబడు ప్రదేశమిది. పూర్వము తిరుపతికి పోవు యాత్రికులు ఈ దారిని నడచి, ఊరిలోని ఆంజనేయస్వామిని సేవించి ముందునకు సాగెడివారు. ఊరికి అనతిదూరమున నరసింహతీర్థమను పుష్కరిణి కలదు. దాని చెంతనే శ్రీపాదరాజుల బృందావనము నెలకొనియున్నది.

ఆయన పూర్వనామము లక్ష్మీనారాయణుడు. చన్నపట్టణము చేరువనున్న అబ్బూరు ఆయన జన్మస్థలమని సంప్రదాయము. స్వర్ణవర్ణతీర్థులవలన సన్న్యాసము గైకొని, పద్మనాభతీర్థుల పరంపరకు చెందిన పీఠమును అధిష్ఠించెను. ఇచట తెలుగువారు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ పరంపరకు మూలపురుషుడైన పద్మనాభతీర్థులు మధ్వాచార్యులకు ప్రత్యక్ష శిష్యులు. సన్న్యాసమునకు పూర్వము శోభనభట్టు అను పేర గోదావరీ ప్రాంతమున ప్రసిద్ధి వహించిన పండితులని మాధ్వ సంప్రదాయము చెప్పుచున్నది. అట్లే మధ్వాచార్యుల మఱియొక శిష్యులగు నరహరితీర్థులు 13వ శతాబ్ది చివరి భాగమున కళింగ రాజ్యమున అధికారము నెఱపిరి. వారి శాసనములు శ్రీకూర్మమున, సింహాచలమున నేటికిని ఉన్నవి. కన్నడమున హరికీర్తనములు తొలుత రచించినవారు వీరే యని ప్రతీతి. కాని వారి పేర నిలిచిన పాటలు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఆ విత్తనము మొలకెత్తి తీగయై సాగినది ముళబాగిలునందే. దాససాహిత్యము అవిచ్ఛిన్నముగా ప్రవహించుట శ్రీపాదరాజులతో ఆరంభమైనదని చెప్పుట సమంజసము.

ఆ కాలపు స్థితిని తలచుకొన్నగాని ఈ ఆరంభముయొక్క విలువ తెలియదు. వేదాంత విచారమంతయు సంస్కృతమున జరుగుచుండెను. మఠములందు పాఠప్రవచనములు, వాదములు, వ్యాఖ్యానములు సమస్తమును ఆ భాషయందే. శ్రీపాదరాజులు ఆ విద్యలో ఎవరికిని తీసిపోయినవారు కారు. జయతీర్థుల న్యాయసుధపై 'వాగ్వజ్రము' అను వ్యాఖ్యను రచించిన ఘనపండితుడాయన. అట్టివాడు, ఇంటి యాడువారికిని పొలము దున్నువారికిని తెలియు భాషలో పదములు కట్టి, దేవపూజా సమయమున పాడించెను. సంస్కృతము రానివాడు ఈ పని చేసినచో గత్యంతరము లేక చేసెనని లోకము భావించియుండెడిది. సంస్కృతమున వజ్రమువంటి గ్రంథమును వ్రాసిన చేయియే కన్నడ పదమును వ్రాయుటచేత దేశభాషకు పూజామందిరమున పీట వేయబడినది.

ఆయన రచనల ముద్ర 'రంగవిఠల'. పండరీ క్షేత్రమున భీమానదీ తీరమునందు తనకు లభించిన రంగవిఠలమూర్తి పేరనే ఆయన పాటలు కట్టెనని కథ కలదు. భ్రమరగీత, వేణుగీత, గోపీగీత అను కృతులు భాగవత దశమస్కంధమును ఆధారముగా గొన్నవి. మధ్వనామము గురుస్తుతి. లక్ష్మీనరసింహ ప్రాదుర్భావ దండకము నరసింహావతారమును వర్ణించును. వీనిలో గోపికల విరహమును చెప్పు పాటలు మిక్కిలి మనోహరములు. తత్త్వమును బోధింపబూనిన యతి, మథురకు వెడలిన కృష్ణునికై తపించు పల్లెపడుచుల మాటలలో దానిని వినిపించెను. విన్నవారికి ముందు పాట నచ్చును. పిదప భావము మనసునకెక్కును.

ఇంక సంగీతాంగమును పరిశీలింతము. దాసకవులు ముఖ్యముగా మూడు రచనాభేదములను వాడిరి. మొదటిది పదము, అనగా దేవరనామము. పల్లవియు చరణములును కలది. రెండవది ఉగాభోగము, తాళబంధము లేక రాగమున స్వేచ్ఛగా పాడదగినది. మూడవది సూళాది, ఒకే రచనలోని ఖండములు వేర్వేరు తాళములందు నడచును. పూర్వలక్షణ గ్రంథములందలి సాలగసూడ ప్రబంధములనుండి ఇది పుట్టినదని విద్వాంసుల మతము. ఈ మూడు విధములను భక్తిప్రచారమునకు చక్కగా వినియోగించి, తరువాతివారికి మాదిరి చూపినది శ్రీపాదరాజులే. నేడు సంగీతపాఠమారంభించు బాలుడు ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళములలో అలంకారములను పాడుచున్నాడు. వానికి 'సూళాది సప్తతాళములు' అనియే పేరు.

ఒక సంగతిని మాత్రము నిష్పక్షపాతముగా చెప్పవలసియున్నది. శ్రీపాదరాజులు పాడించిన మట్లు యథాతథముగా మనకు దక్కలేదు. సాహిత్యము తాళపత్రములందును భజనపరుల నోళ్లయందును నిలిచినది. నేడు వినబడు వరుసలు పెక్కులు తరువాతి గాయకులు కూర్చినవి. కావున ఆయన ప్రభావమును స్వరములలో వెదకుట కంటె, ఆయన ఏర్పఱచిన పద్ధతిలో వెదకుట యుక్తము. ఇష్టదైవము పేర ముద్ర నుంచుట, గేయమును నిత్యపూజలో అంగముగా జేయుట, ప్రజల పలుకుబడిని రాగతాళములకు ఒదిగించుట, శిష్యులచేత అట్లే పాటలు వ్రాయించుట: ఈ నాలుగును ఆ పద్ధతికి స్తంభములు.

శిష్యులలో అగ్రగణ్యులు వ్యాసరాయలు (1460–1539). అబ్బూరి బ్రహ్మణ్యతీర్థులవద్ద సన్న్యాసము గొనిన ఈ యువకుడు శాస్త్రాధ్యయనమునకై ముళబాగిలు చేరి, శ్రీపాదరాజుల సన్నిధిని పెక్కేండ్లు విద్య నభ్యసించెను. సోమనాథకవి రచించిన వ్యాసయోగిచరితమును బట్టి చూడగా, ఆ గురువు ప్రోత్సాహముననే ఆయన చంద్రగిరిలో సాళువ నరసింహరాయల ఆస్థానమునకు వెడలెను. తరువాత విజయనగరమున రాయలచే గౌరవింపబడెను. తర్కశాస్త్రమున అసమాన ప్రజ్ఞ కలిగిన ఈయనయు గురువు చూపిన దారినే కృష్ణుని పేర కన్నడ కీర్తనములు వ్రాసెను.

వ్యాసరాయల శిష్యులే పురందరదాసు (1484–1564), కనకదాసు. పురందరదాసునకు కర్ణాటక సంగీత పితామహుడను బిరుదు ఊరక రాలేదు. మాయామాళవగౌళలో స్వరావళులు, జంటవరుసలు, అలంకారములు, మలహరిలో పిళ్లారి గీతములు ఆయన ఏర్పఱచినవేయని సంప్రదాయము. ఐదు శతాబ్దులు గడచినను ఈ పాఠక్రమము మాఱలేదు. దాసపరంపరవారు నిత్యము పఠించు వందనశ్లోకమున శ్రీపాదరాజులకు, వ్యాసరాయలకు, పురందరునకు, విజయదాసునకు ఆ వరుసనే నమస్కారము కలదు. ఈ క్రమము పరిశోధకులు కల్పించినది కాదు. పాడువారు తమ మొదటి గురువు నెఱిగి చెప్పుకొన్న వంశావళి. విజయదాసు శిష్యులైన గోపాలదాసు గద్వాల ప్రాంతపు ఉత్తనూరున వసించిరి. కర్నూలు మండలపు మంత్రాలయమున రాఘవేంద్రస్వామి సన్నిధిని నేటికిని దాసపదములు మ్రోగుచున్నవి. అనగా ముళబాగిలు పాట తెలుగునేలపైని కూడ ఇల్లు కట్టుకొన్నది.

శ్రీపాదరాజుల కాలముననే తిరుమలపై తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) తెలుగున సంకీర్తనములు రచించుచుండెను. ఇరువురకును సాళువ నరసింహుని కాలముతో సంబంధము కలదు. ఒకరు మాధ్వయతి, మఱియొకరు శ్రీవైష్ణవ గృహస్థు. ఒకరిది కన్నడము, మఱియొకరిది తెలుగు. నాటి మార్గమున ముళబాగిలు, తిరుపతి కొలది దినముల నడకదూరమున నున్నవి. ఒకరివలన మఱియొకరు నేర్చిరని వాదింప నవసరము లేదు. ఒకే తరమున, ఒకే దారికి రెండు కొనలయందు, ఇరువురు మహనీయులు దేశభాషను దైవసన్నిధికి గొనిపోయిరనుట చాలును. తాళ్లపాకవారి పాటలు రాగిరేకులందు భద్రమై చిరకాలము మఱుగుపడియుండగా, దాసుల పాటలు తంబుర మీటుచు ఊరూర తిరుగువారి నోట బ్రతికినవి. భద్రపఱచుటకు రేకు మంచిది. వ్యాపింపజేయుటకు నోరు మంచిది.

ఈ వ్యాప్తియొక్క ఫలమును తంజావూరు సీమలో చూడగలము. త్యాగరాజస్వామి (1767–1847) బాల్యమున తల్లి సీతమ్మ పాడిన పురందరదాసు పాటలు వినుచు పెరిగెనని చరిత్రకారులు చెప్పుదురు. తన ప్రహ్లాదభక్తివిజయమున ఆయన పురందరదాసుని స్తుతించెను. ఈ ఋణమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము వలదు. పల్లవి, అనుపల్లవి, చరణముల పొందిక, ఇష్టదైవముతో చనువుగా మాటలాడు తీరు, లోకపు డాంబికమును నిందించు ధైర్యము: ఈ గుణములు దాసుల పాటలందును త్యాగరాజ కృతులందును సమానములు. త్యాగరాజు వానిని సంగతులతో, రాగభావముతో శిఖరమున కెక్కించెను. ఆ శిష్యపరంపరలో పట్నము సుబ్రహ్మణ్యయ్యరు వద్ద విద్య నేర్చిన మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) కన్నడదేశమున నుండియు తెలుగునను సంస్కృతమునను కృతులు రచించిరి. కన్నడ పదముగా ముళబాగిలు విడిచిన ధార, కావేరీతీరమున తెలుగు కృతియై, మరల మైసూరు చేరినది! ఇరువదవ శతాబ్దిలో ఎం. ఎల్. వసంతకుమారి, భీమసేన జోషి వంటి గాయకులు దాసపదములను దక్షిణోత్తర సంగీత సభలలో కొత్తగా ప్రకాశింపజేసిరి.

ఇంతకును కోలారు తెలుగువారికి ఈ చరిత్ర ఏమి బోధించుచున్నది? ఈ సీమయందే చింతామణి తాలూకా కైవారమున గాజులమ్ము వర్తకుడై, పిదప యోగియై వెలసిన నారేయణ తాతయ్య (1726–1836) తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడెను. 'అమరనారేయణ' ముద్రతో ఒప్పు ఆ పాటలను ఇప్పటికిని భజనకూటములందు పాడుచున్నారు. 2007వ సంవత్సరమున ఆ తాలూకా చిక్కబళ్ళాపురము మండలమున చేరినను, పాటకు మండలపు టెల్లలు లేవు. ఇచటి తెలుగువారు పెక్కురు ఆ తెలుగు తత్త్వములను కన్నడలిపిలో చదువుకొనుచున్నారు. భాష నోట నిలిచి, లిపి చేజాఱుచున్న స్థితి యిది. తాతయ్య పాటలకు గ్రంథములైన కలవు. పేరు తెలియని కవుల పెండ్లిపాటలు, కోలాటపు పదములు, ఏకతారపై పాడు తత్త్వములు వృద్ధుల నోటనే యున్నవి. ఒక్కొక్క వృద్ధురాలు గతించినప్పుడెల్ల కొన్ని పాటలు మట్టిలో కలియుచున్నవి.

శ్రీపాదరాజులు తన పరిసరములందలి జనుల మాటను తక్కువగా చూడలేదు. దానిని వినెను, దిద్దెను, దేవుని యెదుట పాడించెను, శిష్యునకు అప్పగించెను. వ్యాసరాయలు లేనిచో పురందరుడు లేడు. పురందరుని పాట లేనిచో త్యాగరాజు విన్న తొలి పాట వేఱుగా నుండెడిది. ఒక తరము మఱియొక తరమునకు అప్పగించుటలోనే ఈ సంగీతముయొక్క ప్రాణమున్నది. కోలారు మండలపు తెలుగు పాఠశాలలందు చదువు పిల్లలు తమ అవ్వతాతల పాటలను తెలుగులిపిలో వ్రాసికొని, మరల పాడుట నేర్చినచో ముళబాగిలు యతీశ్వరునకు అదియే తగిన ఆరాధన. బంగారము త్రవ్వినకొలది తఱిగినది. పాట పంచినకొలది పెరుగును.