చెరువు కట్టిన సమాజం

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు కట్టించినవాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెక్కించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో ఉన్నాయి. కట్ట కారడం, చౌడు నేల వంటి దోషాలు ఏ ఉప్పరి మేస్త్రీ అయినా చెప్పగలడు. నేను ఆగి చదివేది ఇంకో రెండింటిని: చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదు; నీళ్లు కొంచెమై తడపాల్సిన నేల ఎక్కువ కాకూడదు. పంపకం కుదరని చోట ఎంత గట్టి కట్టయినా దండగేనని ఆ రాసినాయనకు తెలుసు.

మా సీమలో మనుషులు ఊరుగా ఎట్లా కలిశారని అడిగితే నేను చెరువునే చూపిస్తాను. బావి ఒక్కడు తవ్వుకోగలడు. చెరువుకు ఊరు కావాలి. తవ్వించినవాడికో, తెగిన కట్టను బాగుచేయించినవాడికో ఆయకట్టులో పదోవంతు మాన్యంగా ఇచ్చేవారు. దాన్ని దశబంధం అన్నారు. అది అనుభవించినన్నాళ్లూ మరమ్మతు బాధ్యత అతనిది. పూడిక తీయడానికి, కాలువలు చెక్కడానికి ఇంటికో మనిషి రావాలి. వాన మొహం చాటేసిన ఏడు చావడి దగ్గర కూర్చుని, ఈసారి ఎంత మేర నాట్లు వేయాలో తేల్చుకునేవారు. ఆ మాట పొలంలో అమలు చేసేవాడు నీరుగంటి.

మా జేజినాయన నీరుగంటి. తూము తీయడం, మూయడం, సలికె భుజాన వేసుకుని కాలువ వెంట తిరగడం, రాత్రి వాన కొడితే కట్ట కాయడం ఆయన పని. మడవ తెంచేది ఆయనే. రైతు చెయ్యి పెట్టకూడదు. ఆయకట్టులో ఆయనకు సెంటు నేల లేదు. మాలవాడికి మాగాణి దక్కనివ్వని ఊరే, సొంత కయ్య లేనివాడు పక్షపాతం చూపడని ఆయన్ను నమ్మింది. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలితో పాటు నీరుగంటికీ మేర పోసేవారు. పండితేనే మేర గనక చివరి కయ్య ఎండకుండా చూడటం ఆయన కడుపుకూ అవసరమే.

అయితే ఆయన చావడి అరుగు ఎక్కలేదు. చెరువులో ఎన్నాళ్ల నీళ్లున్నాయో అందరికంటే బాగా తెలిసిన మనిషి కింద నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పి వచ్చేవాడు. పాతకాలపు ఊరి ఐకమత్యాన్ని పొగిడేవాళ్లు ఆ అరుగును లెక్కలోకి తీసుకోరు.

ఆ ఐకమత్యం కూడా నిలవలేదు. ఏటేటా అలవాటుగా జరిగే చెరువు పనిని బలవంతంగానైనా చేయించడానికి 1858లో మద్రాసులో చట్టమే తేవాల్సి వచ్చింది. తర్వాత బోర్లు వచ్చాయి. సొంత మోటారు ఉన్న రైతుకు తూముతో పని తగ్గింది, మేర పోయడానికి చెయ్యి రాలేదు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఊరి పెత్తనం కొన్ని కుటుంబాల చేతుల్లోంచి జారింది. దానికి నేను సంతోషించాను.

1997లో సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం వచ్చింది. నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి, అధ్యక్షులొచ్చారు. అరుగు మీద పెద్దమనుషుల మాటకు బదులు ఓటు వచ్చిందంటే చిన్న సంగతి కాదు. కానీ ఆ ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారిది. భూమి లేని నీరుగంటికి పాత చావడిలో చోటు లేదు, కొత్త సంఘంలో ఓటు లేదు.

నాలుగు సంతకాలతో సంఘం పుడుతుంది. రాత్రిపూట కట్ట మీదికి పోయే మనిషి ఉంటేనే బతుకుతుంది. అందుకే నీటి సంఘాల పెద్దలకు ఒక మాట. మళ్లీ సమావేశం పెట్టినప్పుడు తూము దగ్గర పనిచేసే మనిషిని పిలిచి కుర్చీ వేయండి. అతని జీతం తేల్చాకే మిగతా ఖర్చుల జాబితా తీయండి.