బందరు సీమలో శిశుసంరక్షణము

'అంగనము' అనగా ముంగిలి. సంస్కృతమునందలి యీ పదమునుండియే హిందీవారి 'ఆంగన్' అను మాటయు, దానినుండి నేడు మన వీథివీథిని వినబడుచున్న 'అంగన్‌వాడి' యను పేరును బుట్టినవి. పిల్లవాడు పెరుగవలసిన చోటు ముంగిలి. వానికి సాయము చేయదలచినవారు రావలసిన చోటును ముంగిలియే. ఈ చిన్న సత్యమును గ్రహించుటకు మన సీమకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రమును సంగ్రహముగా దెలుపుటయే యీ వ్యాసోద్దేశము.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుగాలితోడి యుప్పెన బందరుపై బడి యించుమించు ముప్పదివేల ప్రాణములను గొనిపోయినది. తల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డలకు చుట్టములున్నచో చుట్టముల పంచ, లేనిచో మిషనరీల యాశ్రమము దిక్కయ్యెను. అన్నమును అక్షరమును పెట్టిన మిషనరీలకు మనము కృతజ్ఞులమై యుండవలసినదే. అయినను శిశువునకు సాయమనగా వానిని ఇంటినుండి తీసి వేఱొకచోట నుంచుటయే యని యానాటివారి తలంపు. ఇల్లు కూలకమునుపే ఇంటికి సాయపడవలెనను తలంపు ఇంకను బుట్టలేదు.

ఆ తలంపునకు మన పట్టణమున బీజము నాటినది ఒక గృహిణి. భండారు అచ్చమాంబగారు 1874లో నందిగామలో జన్మించిరి; కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికి అక్కగారు. బడికి బోవు భాగ్యము లేక, తమ్ముని ప్రక్క గూర్చుండియే చదువు నేర్చిరి. కన్నబిడ్డలు పసితనముననే గతింపగా ఆ శోకమునకు లొంగిపోక, అనాథ శిశువులను తమ యింట నుంచుకొని పెంచిరి. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గలసి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. పదుగురు స్త్రీలు ఒకచోట జేరి చదువుకొనుట, మాటలాడుకొనుట నేటివారికి స్వల్పముగా దోచవచ్చును. కాని బిడ్డకు జ్వరము వచ్చినపుడు ఎవరి నడుగవలెనో తెలియని తల్లికి ఆ పదుగురే కొండంత యండ. బిడ్డను రక్షింపవలెనన్న ముందు తల్లిని ఒంటరితనమునుండి తప్పింపవలెనని యీ సమాజము మనకు నేర్పుచున్నది. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే అచ్చమాంబగారు స్వర్గస్థులైరి.

స్త్రీసమాజముల యీ కృషి క్రమముగా రాజ్యధర్మమయ్యెను. 1937లో చెన్నపురియందు ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిన దుర్గాబాయమ్మగారే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలైరి. స్వచ్ఛంద సమాజముల శిశుకేంద్రములకు సర్కారు ధనము ఆ మండలి ద్వారమున జేరసాగెను. పిదప 1975 అక్టోబరు 2వ తేదీన దేశమందు 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమయ్యెను. అదనపు పోషకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, ఆస్పత్రికి పంపుట, బడికి ముందటి విద్య, తల్లులకు ఆరోగ్యబోధ అను ఆఱు సేవలను ఒక్క ముంగిటికి జేర్చుట దాని లక్ష్యము.

రెండేండ్లు గడచెనో లేదో, 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినది. సర్కారువారి లెక్క ప్రకారమే మృతులు పదివేలకు దగ్గఱ. అవనిగడ్డకు జెందిన మండలి వెంకట కృష్ణారావుగారు మొదలైనవారు చేసిన సేవ మఱవరానిది. దేశదేశములనుండి బియ్యము వచ్చెను, బట్టలు వచ్చెను, పక్కాయిండ్లు లేచెను. కాని యుప్పెనకు వచ్చెడి సాయము ఉప్పెనవలెనే వచ్చి పోవును. ఆ పిమ్మట ప్రతిదినమును బిడ్డను దూచి, అన్నము పెట్టి, అ ఆలు దిద్దించు మనిషి యొకతె కావలయును. ఆమెయే అంగన్‌వాడి కార్యకర్త.

ఆమెను మన మెట్లు చూచుచున్నాము? చిరకాలము ఆమె చేయునది సేవయనియు, పొందునది గౌరవవేతనమనియు చెప్పుచు వచ్చితిమి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆమెకు గ్రాట్యుటీ హక్కు గలదని తీర్పు చెప్పెను. 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు మన రాష్ట్రమందలి కార్యకర్తలు, ఆయాలు సమ్మె చేసిరి. తల్లివంటిదని పొగడి, కూలి యడిగినపుడు ముఖము త్రిప్పుకొనుట న్యాయము గాదు.

ఇక మిగిలిన లోటొకటి. చిలకలపూడిలో గిల్టునగల పని యింటనే చేసికొను తల్లులు, గుడివాడలో నాలుగిండ్ల పాత్రలు తోమి బ్రదుకు తల్లులు, పల్లె విడిచి వచ్చి అద్దెగదిలో నుండువారు. వీరికి ఇంట అవ్వ లేదు, ప్రక్కను పిన్ని లేదు. అంగన్‌వాడి బడి మూడేండ్లు నిండినవారికి. అదియు కొన్ని గంటలే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ముప్పదిమందికి మించి స్త్రీలున్న కర్మాగారమున శిశుగృహము ఉండవలెనని విధించినది. కాని యిల్లే కర్మాగారమైన తల్లిని అది చూడలేదు. అట్టి తల్లి పనికి గూర్చున్నపుడు చంటిబిడ్డ నెత్తుకొనువారెవరు? పదేండ్ల అక్క. ఉపాధ్యాయుడనగుటచే నాకు హాజరుపట్టికలో ఆ యక్క కనబడుచునే యున్నది. మొదట సోమవారము రాదు, తరువాత వారము రాదు, పిదప పేరు కొట్టివేయబడును. ఒక బిడ్డ సంరక్షణకు మఱియొక బిడ్డ చదువును మూల్యముగా నిచ్చుచున్నాము.

2022 నుండి కేంద్రప్రభుత్వము 'పాల్నా' యను పేర అంగన్‌వాడిలోనే శిశుగృహమును చేర్చు పథకమును బెట్టినది. పాల్నా యనగా ఉయ్యాల. ఆ యుయ్యాల మన పేటలోనికి వచ్చినదా లేదా యని పురపాలక సభ్యుని అడుగుట చదువరుల పని. అంతకంటె సులభమైనదియు ఒకటి కలదు. మన యింట పాత్రలు తోమ వచ్చు అమ్మను, "బిడ్డ యెక్కడ నున్నాడమ్మా?" యని రేపు ఉదయము అడిగి చూడుడు. వానిని ఎత్తుకొన్నది బడికి బోవలసిన అక్కయని ఆమె చెప్పినచో, మనము చేయవలసిన పని మన ముంగిటనే యున్నదన్నమాట.